నెమలీక పిల్లలు పెట్టింది, ఇప్పుడు మా అమ్మాయికి ఏం చెప్పాలి?

పొద్దుటూరోడు | ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత రాస్తున్నా. విషయం చిన్నదే, నవ్వుకోండి గానీ సలహా కూడా చెప్పండి.

పోయిన వారం ఊర్లో ఇల్లు ఖాళీ చేశాం. అమ్మ పోయి రెండేళ్ళయింది, నాయన ఇంక ఒక్కడే ఉండలేడని మాతో పాటు బెంగళూరుకు తీసుకొచ్చేశాం. సామాన్లు సగం వాళ్ళకూ వీళ్ళకూ ఇచ్చేశాం గానీ ఒక ఇనప ట్రంకుపెట్టెను మాత్రం నాయన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. దాన్నిండా పుస్తకాలే. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు, పక్కా నాస్తికుడు. మా ఇంట్లో దేవుడి గూడు అమ్మది, పుస్తకాల గూడు నాయనది. అమ్మ పుస్తకాల గూడు తుడిచేది కానీ నాయన మాత్రం దేవుడి గూడు దిక్కు చూసేవాడు కూడా కాదు.

ఆ పెట్టెలో 1985 చందమామలు పన్నెండూ కలిపి కుట్టించిన బైండు దొరికింది. అది నాది. మూడో తరగతిలో అందులో నెమలీక పెట్టి, ఈతాకు తుంచి మేత వేసి, పిల్లలు పెడుతుందని రోజూ పొద్దున పళ్ళు తోముకోకముందే తెరిచి చూసేవాణ్ణి. పెట్టలేదు. కొన్నాళ్ళకు మర్చిపోయాను.

ఇప్పుడు మా అమ్మాయి (8 ఏళ్ళు) ఆ బైండు తెరిస్తే అందులో రెండు ఈకలున్నాయి! పెద్దది నాదే, దాని అంచు నేను కత్తెరతో కత్తిరించిన గుర్తుంది. రెండోది జానెడు కూడా లేదు, చిన్న కన్ను. ఈక మొదలు దగ్గర పాతబడిన దారం ముక్క ఒకటి చుట్టి ఉంది. అది నాది కాదు, ఎవరిదో తెలియదు. మా అక్కను అడిగితే "నాకు చందమామలు ముట్టుకోనిచ్చేవాడివా నువ్వు?" అని పాత గొడవ తవ్వింది.

అమ్మాయికి నా చిన్నప్పటి కథంతా అంతకుముందే చెప్పి ఉన్నా కాబట్టి ఎగిరి గంతేసింది. నలభై ఏళ్ళు పట్టింది గానీ పెట్టింది కదా నాన్నా అంటోంది. ఆధారం లేనిదే ఏదీ నమ్మొద్దని మా నాయన నాకు నేర్పాడు, నేను దానికి నేర్పాను. ఇప్పుడు ఆధారం దాని చేతిలో ఉంది. ఏం చెప్పమంటారు?

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10.05

ముందు ఒక దిద్దుబాటు. ఈతాకు కాదండీ, తాటాకు. మా వైపు అందరూ తాటాకే వేసేవాళ్ళం. ఈతాకు వేశారు కాబట్టే నలభై ఏళ్ళు పట్టింది.

మా బళ్ళో అదొక పెద్ద వ్యాపారం. ఒక కన్నున్న ఈకకు రెండు బలపాలు, కన్ను లేని పోగులైతే ఒక రేగొడియం. ఎవరికి ఎక్కువ ఈకలుంటే వాళ్ళు నాయకులు. నాకు ఒక్కటే ఉండేది, దాన్ని మా మామ్మ భాగవతంలో దాచాను. కృష్ణుడి పుస్తకంలో అయితే తొందరగా పెడుతుందని నా లెక్క.

మా మామ్మకి చదువు రాదు. అయినా మా ఇంట్లో అందరికంటే ఎక్కువ చందమామలు "చదివింది" ఆవిడే. నేను చదవాలి, ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వినాలి. బేతాళుడు ప్రశ్న అడిగే చోట నన్ను ఆగమనేది. విక్రమార్కుడి కంటే ముందు ఆవిడ జవాబు చెప్పేది, అప్పుడు నేను మిగతాది చదవాలి. చాలాసార్లు ఆవిడ జవాబే బాగుండేది, నిజం చెప్తున్నా. పుస్తకంలో ఇంకోలా ఉంటే "ఆ రాజుకి సంసారం తెలీదు" అని తీసిపారేసేది.

పాలమూరు పోరడు | ఆదివారం, రాత్రి 10.20

మాకు ఈతాకు లేదు, తాటాకు లేదు. పెన్సిల్ చెక్కుడు పొట్టు. అదే మేత. పైగా పుస్తకం తెరిచి వెలుతురు తగిలితే గర్భం పోతదని మా దోస్తు ఒకడు చెప్తే పదిహేను రోజులు లెక్కల పుస్తకం తెరవలేదు నేను. మా సారుకు అదే కారణం చెప్పాను. వీపు పగిలింది.

దసరాకు పుస్తకాలన్నీ పూజలో పెట్టేస్తే ఆ రెండు రోజులు చదవక్కరలేదని మీ దగ్గర కూడా ఉండేదా? నేను చదివే పుస్తకాలే కాక హోంవర్క్ నోట్సులు కూడా సరస్వతమ్మ ముందు పెట్టేసేవాణ్ణి. పండుగ తర్వాత తీసేటప్పుడు ఒక్కో దాంట్లో ఒక్కో జమ్మి ఆకు పెట్టేది మా అమ్మ. "బంగారం" కదా, డబ్బుల పెట్టెలో పెట్టినట్టే పుస్తకంలో కూడా. ఇప్పటికీ నా పదో తరగతి సోషల్ పుస్తకం దులిపితే జమ్మి ఆకు పొడి రాలుతుంది.

నిప్పులాంటి నిజం | ఆదివారం, రాత్రి 10.48

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది? ఈక అంటే మన గోరు లాంటిది, కెరాటిన్. ప్రాణం లేదు. పిల్లలు పెట్టదు. పాపకు ఇదే చెప్పండి, ఎనిమిదేళ్ళంటే అర్థమయ్యే వయసే. చిన్నప్పుడు ఈకతో మొదలుపెట్టి పెద్దయ్యాక తాయెత్తుల దగ్గర తేలతారు. మీ నాన్నగారు హేతువాది అంటున్నారు, ఆయన్నే అడగండి, ఒక్క నిమిషంలో తేల్చేస్తారు.

డాలస్ దోసకాయ | ఆదివారం, రాత్రి 11.30

నిప్పు గారూ, మా వాడి పన్ను ఊడితే దిండు కింద డాలరు పెట్టి టూత్ ఫెయిరీ వచ్చిందని చెప్పాం. వాడిప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఏ తాయెత్తూ కట్టుకోలేదు. కాస్త ఊపిరి తీసుకోనివ్వండి పిల్లల్ని.

నా బాధ వేరే. మా వాడికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. వారం వారం ఇక్కడి తెలుగు బడి, మనబడికి కూడా పంపాను, గుణింతాల దాకా వచ్చి ఆగిపోయింది. మా నాన్నగారు కుట్టించిపెట్టిన బైండ్లు పది కేజీల పైనే ఉంటాయి, రెండు సూట్‌కేసుల్లో మోసుకొచ్చాను. బొమ్మలు చూస్తాడు. చందమామకు బొమ్మలేసిన వపా (వడ్డాది పాపయ్య) గారి అట్టబొమ్మ ఒకటి ఫ్రేము కట్టించుకున్నాడు కూడా. కథ మాత్రం నేను చదివి చెప్పాలి. గోదారిగట్టు గారి మామ్మకీ మా వాడికీ పెద్ద తేడా లేదు, ఈయన బియ్యం ఏరడు అంతే.

జంతుశాస్త్రం మాస్టారు | సోమవారం, ఉదయం 6.15

కాలేజీలో ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి నా వంతు. నిప్పు గారు చెప్పింది నిజమే కానీ అంత పొడిగా చెప్తే పాప నిద్రపోతుంది. అసలు కథ ఇంతకంటే బాగుంటుంది, అది చెప్పండి.

మనం నెమలి తోక అనుకునేది తోక కాదు. అసలు తోక దాని కింద గోధుమరంగులో పొట్టిగా ఉంటుంది, ఈ పింఛాన్ని నిలబెట్టడానికి వెనక నుంచి ఆనిస్తుంది. పింఛంలో 150 నుంచి 200 దాకా ఈకలుంటాయి, అన్నీ ఒకే పొడుగు కాదు. వీపుకు దగ్గరగా ఉండేవి పొట్టివి, కన్ను కూడా చిన్నది. మీ జానెడు ఈక అలాంటిదే అయ్యుంటుంది. అంటే అది పెద్దదానికి పిల్ల కాదు, చెల్లెలు.

వానాకాలం అయ్యాక మగ నెమలి పింఛమంతా రాల్చేస్తుంది, మళ్ళీ కొత్తది వస్తుంది. పిల్లలకు ఈకలు దొరికే కాలం అదే. ఇంకో తమాషా, ఆ నీలం ఆకుపచ్చ రంగులు నిజానికి రంగులే కావు. ఈక పోగుల్లో అతి సన్నటి కడ్డీలు వరసగా పేర్చినట్టు ఉంటాయి, వాటి మధ్య ఎడాన్ని బట్టి వెలుతురు అలా తిరిగి వస్తుంది. ఈకను నూరి పొడి చేస్తే నీలం మాయమై మట్టిరంగు మిగులుతుంది. పాప చేత నూరించకండి!

పిల్లలు పెట్టిందనే నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తోచింది చెప్తాను. పుస్తకంలో నలిగిన ఈక నుంచి పక్క పోగులు ఊడి విడిగా పడతాయి. పోగు కూడా చూడ్డానికి చిన్న ఈకలాగే ఉంటుంది. నిన్న ఒకటి, ఇవాళ మూడు. పిల్లలు చూసిందే నమ్మారు, అబద్ధమేమీ కాదు.

డాలస్ అమ్మాయ్, నువ్వు సూట్‌కేసులో ఈకలు కూడా పెట్టుకురాలేదు కదా? 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రాలిన ఈక దేశంలో ఉంచుకోవచ్చు గానీ బయటికి ఎగుమతి చెయ్యకూడదు.

డాలస్ దోసకాయ | సోమవారం, ఉదయం 6.40

లేదు మాస్టారూ. (పుస్తకాల్లో ఏమైనా ఉందేమో ఇప్పుడే వెళ్ళి దులుపుతాను. టెన్షన్ పెట్టారు.)

రేపల్లె బాబాయ్ | సోమవారం, ఉదయం 10.10

నాకు డెబ్భై దాటాయి, కాస్త ఎక్కువ రాస్తే ఓర్చుకోండి.

నిప్పు గారి మాట మీద ఒకటి చెప్పాలి. భూతాలూ మాంత్రికులూ ఉన్న కథలు చదివితే పిల్లలు మూఢులవుతారని మా రోజుల్లోనూ అనేవాళ్ళు. చందమామను నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపింది కొడవటిగంటి కుటుంబరావు గారు. పుస్తకంలో సంపాదకుడని ఆయన పేరు ఉండేది కాదు, అందుకని చాలామందికి ఆ సంగతి తెలియదు. కొ.కు. అంటే ఎవరు? మార్క్సిస్టు, హేతువాది, పెద్దవాళ్ళ కోసం సైన్సు వ్యాసాలు రాసినవాడు. నెలనెలా మన చేత శవాన్ని భుజాన వేయించి శ్మశానంలో నడిపించింది ఆయనే. ఆ పుస్తకాలు చదివిన మా బళ్ళో పిల్లల్లో దయ్యాన్ని నమ్మినవాళ్ళు తక్కువే. బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడని ముందే తెలుసు కదా, ఇంకేం భయం?

భయపడింది పేపరు చదివిన పెద్దలు. 1979లో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం పడుతుందన్నప్పుడు నాకు పాతికేళ్ళు. అమెరికా వాళ్ళు పైకి పంపిన 77 టన్నుల సామాను, ఎక్కడ పడుతుందో వాళ్ళకే తెలియదని వార్త. మా ఊళ్ళో రోజూ సాయంత్రం అరుగు మీద ఒకాయన పేపరు పైకి చదివేవాడు, చుట్టూ ముప్పైమంది. ఎలాగూ పోతాం కదా అని కోళ్ళు కోసుకున్నారు, మేకలు కోసుకున్నారు. దాచుకున్న నెయ్యి తీసి పప్పులో వేసుకున్నారు. అప్పులవాళ్ళు వసూలుకు వస్తే జులై 11 తర్వాత రమ్మన్నారు! ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, దివిసీమ ఉప్పెన వచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. 1977 నవంబరు 19న సముద్రం లేచి వచ్చిందంటే నమ్మనివాళ్ళు కూడా మర్నాడు శవాలు చూశారు. అలాంటి చోట ఆకాశం కూలుతుందంటే ఎందుకు నమ్మరు? తీరా అది హిందూ మహాసముద్రంలో కొంత, ఆస్ట్రేలియా పడమటి కొసలో కొంత పడింది. అక్కడ ఎస్పరెన్స్ అనే ఊరి వాళ్ళు మా దగ్గర చెత్త పోశారని నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు. మా ఊళ్ళో మిగిలింది మేకల అప్పు.

మా నాన్నగారిది ఇంకో లోకం. ఆయన కుర్రతనంలో కాలవల మీద పడవలో పుస్తకాలు వచ్చేవట. 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా పడవ గ్రంథాలయం నడిపారు. ఊరి రేవులో పడవ ఆగితే పుస్తకం తీసుకోవడం, మళ్ళీ వచ్చినప్పుడు ఇచ్చెయ్యడం. ఒకసారి పడవ వచ్చే రోజుకి పుస్తకం పూర్తి కాలేదని ఆయన గట్టు మీద పరిగెడుతూ చివరి పేజీలు చదివానని చెప్పేవారు. అందులో నిజమెంతో ఆయనకే తెలియాలి. నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

నిప్పులాంటి నిజం | సోమవారం, ఉదయం 11.00

బాబాయ్ గారూ, కొ.కు. సంగతి నాకు నిజంగా తెలియదు. ఈకతో మొదలవుతుందన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. తాయెత్తు మాట మాత్రం తీసుకోను. 1995 సెప్టెంబరులో వినాయకుడు పాలు తాగుతున్నాడని మా వీధిలో లీటర్ల లీటర్లు పోశారు, మా చెల్లికి ఆ రోజు పాలు దొరకలేదు. చెంచాలో పాలను పైకి లాగేది తలతన్యత (ద్రవం పైపొర బిగువు) అని పదో తరగతిలో చదువుకున్నవాళ్ళే చెంచా పట్టుకుని లైనులో నిలబడ్డారు. నా కోపం అక్కణ్ణుంచి వచ్చింది.

పాలమూరు పోరడు | సోమవారం, మధ్యాహ్నం 1.15

అదే గదా అన్నా. 1980 ఫిబ్రవరి 16 గ్రహణం గురించి మా అమ్మ ఇప్పటికీ చెప్తది. శనివారం మధ్యాహ్నం, రోడ్డు మీద కుక్క కూడా లేదట, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి కూర్చున్నారు. అదే రోజు హైదరాబాదు పక్కన జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళు దుర్బిణీలు పెట్టుకుని సంపూర్ణ గ్రహణం చూశారు, సైంటిస్టులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మా అమ్మ ఎప్పుడూ ఒకటే అంటది, "ఇంటి ముందుకు వచ్చినదాన్ని చూడకుండా తలుపేసుకున్నా." మొన్నటి గ్రహణానికి అద్దాలు తెచ్చిచ్చాను. చూసింది. చూశాక స్నానం కూడా చేసింది, ఎందుకైనా మంచిదని.

మెతుకుసీమ | సోమవారం, రాత్రి 8.30

ఇంట్లో పనయ్యాక ఇప్పుడే అంతా చదివాను. మా ఇంట్లో ఈకలు దాచే పుస్తకం బైబిలే. మా నాయనమ్మ బైబిలు తెరిస్తే ఏముండేవో చెప్పనా? కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డులు, ఒక్కో ఏడాదికి ఒకటి. ఎండిన చామంతి. మా బాపు మొదటి జీతం కవరు. ముందు ఖాళీ పేజీల్లో పుట్టినవాళ్ళ పేర్లు, చివరి పేజీల్లో పోయినవాళ్ళ పేర్లు, తేదీలతో. మా ఇంట్లో జనన ధ్రువపత్రం అదే. స్కూల్లో మా అత్తమ్మ పుట్టిన తేదీ తప్పు పడితే ఆ బైబిలు తీసుకెళ్ళి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది నాయనమ్మ. ఆయన దిద్దాడు.

వాళ్ళ అమ్మ, అంటే మా ముత్తవ్వ, మెదక్ చర్చి కట్టేటప్పుడు రాళ్ళు మోసిందని చెప్పుకుంటారు మా ఇంట్లో. కరువులో ఊరికే పెట్టకుండా పనిచ్చి తిండి పెట్టారు పాస్నెట్ దొరగారు, అని. 1924 క్రిస్మస్ రోజు దాన్ని ప్రతిష్ఠించారు. నేను చిన్నప్పుడు ఆ చర్చిలోకి వెళ్తే ప్రసంగం వినకుండా గోడల్లో మా ముత్తవ్వ రాయి ఏదో వెతికేదాన్ని.

చెప్పొచ్చేదేంటంటే, ఆ బైబిల్లో కూడా ఒక నెమలీక ఉండేది. ఎవరు పెట్టారంటే ఎవరూ ఒప్పుకోలేదు. పాస్టరమ్మ చూసి ఇదేంటమ్మా అంటే మా నాయనమ్మ "గుర్తుకు పెట్టుకున్న, కీర్తన ఎక్కడ ఆపిన్నో తెలవాలె గదా" అంది. ఆమె ఆపింది ఎప్పుడూ 23వ కీర్తన దగ్గరే మరి.

కడప కారందోశ | సోమవారం, రాత్రి 9.05

పొద్దుటూరోడన్నా, ఆ చిన్న ఈకకు దారం అన్నావు కదా. ఏం రంగు?

పొద్దుటూరోడు | సోమవారం, రాత్రి 9.12

వెలిసిపోయింది తమ్ముడూ. నీలమో ఆకుపచ్చో చెప్పలేను. లోపలి చుట్టు చూస్తే ఆకుపచ్చే అనిపిస్తోంది. ఎందుకు?

కడప కారందోశ | సోమవారం, రాత్రి 9.30

అట్లయితే అది మీ ఇంట్లో పుట్టింది కాదన్నా. నాకు తెలిసి అది మోర్ఛల్‌లో నుంచి వచ్చింది.

మోర్ఛల్ అంటే నెమలీకల కట్ట, దర్గాల్లో ఉంటుంది. మొదట్లో గుడ్డతోనో దారంతోనో బిగించి కడతారు. పిల్లలకు జ్వరమొచ్చినా, రాత్రిళ్ళు ఉలిక్కిపడి ఏడ్చినా తీసుకొస్తారు, ఫాతెహా ప్రార్థన చదివి దాంతో తల మీద నుంచి దిగదుడుస్తారు. మా తాత అదే పని చేసేవాడు. వచ్చేవాళ్ళలో సగానికి పైన హిందువులే, కడపలో ఇది ఎవరికీ వింత కాదు. ఉగాది రోజు దేవుని కడప గుడికి మా వాళ్ళు వెళ్ళి వెంకటేశ్వరస్వామికి టెంకాయ కొట్టరా, స్వామిని పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ అని? అట్లనే ఇదీ. నెల్లూరులో మొహర్రానికి బారా షహీద్ దర్గా చెరువులో చదువు రావాలని చదువు రొట్టె అందుకోని పిల్లగాడు ఉన్నాడా?

కట్టలో చిన్న ఈకలు లోపలి వరసలో ఉంటాయి. బాగా మారాం చేసే పిల్లవానికి ఒకటి ఊడదీసి చేతికిచ్చేవాడు మా తాత. ఇంటికి పోయినాక పుస్తకంలో పెట్టుకో, చదువొస్తుంది అనేవాడు. మా తాతకు అలిఫ్ బే (మా ఉర్దూ అ ఆలు) తప్ప ఇంకేం రాదు, అయినా పుస్తకమంటే అంత ఇది. మా ఇంట్లో ఖురాను రెహల్ (పుస్తకం పెట్టే చెక్కపీట) మీద పెట్టి చదివి, మళ్ళీ గుడ్డ చుట్టి అందరికంటే పైగూట్లో పెడతారు. నా చందమామలు కూడా ఆయన తీసుకుపోయి దాని కింది గూట్లోనే పెట్టేవాడు, నేల మీద ఉంటే ఒప్పుకోడు.

నీకు చిన్నప్పుడు పెద్ద జబ్బు ఏమన్నా చేసిందా?

పొద్దుటూరోడు | సోమవారం, రాత్రి 9.50

చేసింది. నాలుగో తరగతిలో టైఫాయిడ్. ఇరవై రోజులు మంచం మీదే ఉన్నా. నాకు గుర్తున్నది సగ్గుబియ్యం జావ, అమ్మ తడిగుడ్డ, అంతే.

మా అమ్మ తీసుకుపోయి ఉంటుందా? నాయనకు తెలియకుండా? మా ఇంట్లో తాయెత్తు అన్న మాట వినిపిస్తేనే పెద్ద గొడవయ్యేది. చిన్నాయన ఒకసారి వాళ్ళ కొడుక్కి మంత్రం వేయించాడని నాయన మూడు నెలలు ఆ ఇంటి గడప తొక్కలేదు. రేపు అడుగుతా.

గోదారిగట్టు | సోమవారం, రాత్రి 10.15

అమ్మే అయ్యుంటుందండీ. పుస్తకంలో ఎందుకు దాచిందో కూడా నాకు అర్థమవుతోంది. దేవుడి గూట్లో పెడితే మీరెవరైనా చూసి అడుగుతారు. చందమామలో అయితే నెమలీక ఉండటం మామూలే కదా, ఎవరికీ అనుమానం రాదు.

మాకైతే కాలు తగిలిన పొట్లం కాగితం కూడా కళ్ళకద్దుకోవాల్సిందే. మా పెదనాన్న గారు పరమ నాస్తికులు, ఆయనకి పుస్తకం కాలికి తగిలితే చెయ్యి దానంతట అదే కళ్ళ దగ్గరికి వెళ్ళిపోయేది. మేం నవ్వితే "కళ్ళు దురద" అనేవారు.

డాలస్ దోసకాయ | మంగళవారం, ఉదయం 5.55

ఇక్కడ సాయంత్రం అయింది, ఇంకా అప్‌డేట్ లేదేంటి? ఆఫీసులో మీటింగు మధ్యలో కూడా ఇదే చూస్తున్నా.

పొద్దుటూరోడు | మంగళవారం, రాత్రి 10.30

అడిగాను. సాయంత్రం నాయన బాల్కనీలో కూర్చుని పేపర్లో సుడోకు చేసుకుంటున్నాడు. చిన్న ఈక తీసి ఆయన ముందు పెట్టి, అమ్మ నన్నెప్పుడైనా దర్గాకు తీసుకుపోయిందా అని అడిగాను.

చాలాసేపు చూశాడు. ఒక గడి నింపాడు, తప్పనిపించి కొట్టేశాడు. తర్వాత చెప్పాడు.

"మీ అమ్మ కాదు. నేనే."

పన్నెండో రోజుకు కూడా జ్వరం దిగలేదంట. ఆసుపత్రిలో మందులు నడుస్తున్నాయి, ఆపలేదు, డాక్టరు ఇంకో వారం పడుతుందన్నాడు. అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలేదంట. దర్గాకు ఒక్కసారి తీసుకుపోదామని అడిగింది, ఈయన కుదరదన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడక్కుండా ఊరుకునేసరికి ఈయనకు నిద్ర పట్టలేదంట. తెల్లారుజామున నన్ను దుప్పట్లో చుట్టి, అమ్మను వెంట రావద్దని చెప్పి, మొదటి బస్సుకు కడపకు. పెద్ద దర్గాలో ఒక ముసలాయన నా తల నిమిరి, ఈకల కట్టతో దిగదుడిచి, నేను దాన్ని పట్టుకుని వదలకపోతే ఒకటి ఊడదీసి ఇచ్చాడంట. నాయన ఎంతివ్వాలని అడిగితే ఏం వద్దన్నాడంట. "ఏమన్నా తీసుకుని ఉంటే బాగుండేది, మోసమని చెప్పుకోవడానికి నాకు ఒక దారి ఉండేది" అన్నాడు నాయన.

జ్వరం ఇరవయ్యో రోజుకు దిగింది. మందుల వల్లే దిగింది అని రెండుసార్లు చెప్పాడు. నేను కాదనలేదు.

ఈకను పారేయలేక, దేవుడి గూట్లో పెట్టలేక నా చందమామలో పెట్టాడంట. నువ్వు చూసి పిల్ల పెట్టిందని ఎగురుతావనుకున్నా, నువ్వు జబ్బు నుంచి లేచినాక క్రికెట్లో పడిపోయావు అన్నాడు. అందుకే ఆ పెట్టెను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదేమో, అది నేను అడగలేదు.

చివరికి లేచి లోపలికి పోతూ, "ఇది మీ చిన్నాయనకు మాత్రం చెప్పొద్దు" అన్నాడు.

కడప కారందోశ | మంగళవారం, రాత్రి 10.41

అన్నా, 1986 అయితే ఆ ముసలాయన మా తాత అయ్యుండొచ్చు, కాకపోవచ్చు కూడా. అక్కడ ఆ పని చేసేవాళ్ళు ఇంకా ఉండేవాళ్ళు. మా తాత అయితే నాలుగు అరటిపండ్లు కూడా ఇచ్చి పంపుతాడు. నాయనను అడుగు, అరటిపండ్లు ఇచ్చినాడా అని.

నిప్పులాంటి నిజం | మంగళవారం, రాత్రి 10.50

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

రేపల్లె బాబాయ్ | బుధవారం, ఉదయం 7.00

బాబూ, ఆయన వయసువాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఈ చర్చ లింకు మీ చిన్నాయన గారి వాట్సాప్‌కి చేరకుండా చూసుకో. తెలుగువాళ్ళ ఫార్వర్డులు స్కైలాబ్ కంటే వేగం, ఎక్కడ పడతాయో తెలియదు.

మెతుకుసీమ | బుధవారం, ఉదయం 9.20

ఇంతకీ పాపకు ఏం చెప్పారు? ఆ మాటే మర్చిపోయాం అందరం.

పొద్దుటూరోడు | బుధవారం, రాత్రి 9.15

నేను చెప్పకముందే వాళ్ళ తాతే చెప్పాడు. మాస్టారు రాసినదంతా ఫోన్లో చదివి వినిపించాను ఆయనకు, పింఛం తోక కాదనే సంగతి తెగ నచ్చింది. మనవరాల్ని కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాడు, ఇది దీనికి చెల్లెలు అని. అది అంతా విని, "సరే తాతా, మరి ఇద్దరికీ ఆకలేస్తుంది కదా" అని రెంటినీ తన ఇంగ్లీషు కథల పుస్తకంలో పెట్టుకుంది. తాత పెన్సిల్ చెక్కి ఇస్తున్నాడు.

(కారందోశ తమ్ముడూ, అరటిపండ్ల సంగతి అడిగాను. గుర్తులేదన్నాడు. బస్సులో నేను ఏదో తిన్నాను, అంతవరకు గుర్తుందంట.)

పాలమూరు పోరడు | బుధవారం, రాత్రి 9.22

చూశారా, పెన్సిల్ చెక్కుడు పొట్టే గెలిచింది.

గోదారిగట్టు | బుధవారం, రాత్రి 9.25

బెంగళూరులో తాటాకు దొరక్క.